చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల లెక్క

పిల్లలూ! హైదరాబాదు నుండి వికారాబాదు వైపు బస్సులో ఎప్పుడైనా వెళ్ళారా? పోలీసు అకాడమీ కూడలి దాటి మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా బస్సు మన్నెగూడ చేరేసరికి దాదాపు 46 కిలోమీటర్లు అవుతుంది. ఇది హైదరాబాదు నుండి కర్ణాటకలోని విజయపురకు, అంటే ఒకప్పటి బీజాపూరుకు, వెళ్ళే రహదారి. ఇప్పుడు దీని పేరు 163వ నంబరు జాతీయ రహదారి. ఈ దారిలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు అదృష్టవంతులు. రోడ్డుకు రెండు వైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు! కొన్నిచోట్ల ఈ పక్క కొమ్మలూ ఆ పక్క కొమ్మలూ పైన కలుసుకుని పందిరి వేసినట్టుంటాయి. మండు వేసవి మధ్యాహ్నం ఆ పందిరి కిందికి బస్సు రాగానే చెమట పట్టిన ముఖానికి చల్లగాలి తగులుతుంది.

నిజాముల కాలంలో బాటసారుల కోసం వీటిని నాటించారని పెద్దలు చెబుతారు. దారి పక్క మర్రి నాటించడం మన దేశంలో చాలా పాత అలవాటు. రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడిన అశోకుని ఏడవ స్తంభశాసనంలోనే ఈ మాట ఉన్నది. మనుషులకూ పశువులకూ నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించానని ఆయన చెక్కించాడు. ఎడ్లబండి నడిచే రోజుల్లో నీడ ఒక సౌకర్యం మాత్రమే కాదు, ప్రయాణం సాగాలంటే తప్పనిసరి అవసరం. ఎద్దుకు ఎండదెబ్బ తగిలితే బండి కదలదు కదా!

మరి ఇప్పుడు ఎడ్లబండ్ల స్థానంలో బస్సులు, లారీలు, టిప్పర్లు, కార్లు, మోటారు సైకిళ్ళు వచ్చాయి. రోడ్డు మాత్రం రెండు వరుసల రోడ్డే. దీన్ని నాలుగు వరుసలుగా వెడల్పు చేయాలని నిర్ణయించారు. రోడ్డు అంచునే చెట్లున్నాయి కాబట్టి, వెడల్పు చేయడమంటే చెట్లు కొట్టడమే అన్నంత పనయింది. అప్పుడు కొందరు పౌరులు ముందుకు వచ్చి ‘సేవ్ బన్యన్స్ ఆఫ్ చేవెళ్ళ’ అనే పేరుతో కూడుకున్నారు. చేవెళ్ళ మర్రిచెట్లను కాపాడండి అని దాని అర్థం. వాళ్ళు ఏం చేశారో చెప్పే ముందు, మర్రిచెట్టు గురించి మీకు కొంత తెలియాలి. తెలియకపోతే ‘చెట్టు పోతే ఇంకో చెట్టు’ అనిపిస్తుంది. చాలామంది పెద్దవాళ్ళకు అలాగే అనిపిస్తున్నది.

మర్రిపువ్వు ఎక్కడున్నది?

మర్రిపండు మీరందరూ చూసే ఉంటారు. ఎర్రగా, తొడిమ లేకుండా, జంటలు జంటలుగా కొమ్మను అంటుకుని ఉంటుంది. మరి మర్రిపువ్వు చూశారా? లేదు కదూ! మర్రి పూయకుండానే కాస్తుందని కొందరు అంటారు. అది సరి కాదు. మనం పండు అనుకునేది నిజానికి పండు కాదు, మూతి బిగించిన సంచి వంటి పుష్పవిన్యాసం. సంచి లోపలి గోడల నిండా ఆవగింజకన్నా చిన్న పువ్వులు వందల సంఖ్యలో ఉంటాయి. వృక్షశాస్త్రంలో దీన్ని హైపాంథోడియం అంటారు. పచ్చికాయ ఒకటి బ్లేడుతో నిలువుగా కోసి, భూతద్దంతో చూడండి. పువ్వుల తోట కనిపిస్తుంది.

సంచి మూతి బిగించి ఉంటే పరాగ సంపర్కం ఎలా జరుగుతుంది? గాలి పోదు. తేనెటీగ పట్టదు. ఆ పని చేయగల ప్రాణి ఒక్కటే ఉన్నది. రెండు మిల్లీమీటర్లు కూడా ఉండీ ఉండని చిన్న కందిరీగ. దాని శాస్త్రీయ నామం యూప్రిస్టినా మేసోని. మర్రి శాస్త్రీయ నామం ఫైకస్ బెంగాలెన్సిస్. ఈ రెండు పేర్లనూ పక్కపక్కనే రాసుకోండి, ఎందుకంటే ఒకటి లేకపోతే రెండోది లేదు.

ఆడ కందిరీగ కాయ మూతి దగ్గరి పొలుసుల మధ్యనుండి దూరి లోపలికి వెళుతుంది. దారి ఎంత ఇరుకంటే, దూరేటప్పుడు దాని రెక్కలు విరిగిపోతాయి. ఇక అది బయటికి రాదు. తాను పుట్టిన చెట్టునుండి తెచ్చిన పుప్పొడిని ఇక్కడి ఆడపువ్వులకు అంటిస్తుంది. కీలం పొట్టిగా ఉన్న పువ్వుల్లో గుడ్లు పెడుతుంది. కీలం పొడుగ్గా ఉన్న పువ్వుల్లో దాని గుడ్లు అందవు కాబట్టి అవి విత్తనాలవుతాయి. అంటే చెట్టు కొన్ని పువ్వులను కందిరీగకు కూలీగా ఇచ్చి, మిగిలినవాటిని తన సంతానానికి దాచుకుంటున్నదన్నమాట. తల్లి కందిరీగ లోపలే చనిపోతుంది. కొన్ని వారాల తరువాత మగపిల్లలు ముందుగా బయటపడతాయి. వీటికి రెక్కలుండవు. ఇవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు కన్నం తొలిచి, లోకం చూడకుండానే చచ్చిపోతాయి. ఆడవి అప్పటికి విచ్చుకున్న మగపువ్వుల పుప్పొడి పూసుకుని ఆ కన్నంలోంచి ఎగిరిపోతాయి.

మేడిపండు లోపలి పురుగుల సంగతి వేమన పద్యం వల్ల మీ అందరికీ తెలుసు. మేడి కూడా మర్రికి దాయాదే, దానికీ వేరే కందిరీగ జాతి ఉన్నది. పద్యంలో ఆ పురుగులు మనిషి లోపలి పిరికితనానికి గుర్తు. మేడిచెట్టును అడిగితే మాత్రం ఆ పురుగులే తన వంశోద్ధారకులని చెబుతుంది!

ఒక చెట్టు చాలదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బయటపడిన ఆడ కందిరీగ బ్రతికేది ఒకటి రెండు రోజులు. ఆ వ్యవధిలో అది పువ్వులు సిద్ధంగా ఉన్న మరో మర్రి కాయలో దూరాలి. తాను పుట్టిన చెట్టు మీద దానికి చోటు దొరకడం కష్టం. ఒక చెట్టు మీది కాయలు దాదాపు ఒకేసారి ఎదుగుతాయి కాబట్టి అవన్నీ అప్పటికే పండే దశలో ఉంటాయి. ఎక్కడో మరో చెట్టు సరిగ్గా ఆ రోజుకు లేత కాయలతో ఉండాలి. గాలివాటున ఈ కందిరీగ కిలోమీటర్ల దూరం పోగలదు, నిజమే. కాని అక్కడ చెట్టుంటేనే కదా!

కాబట్టి ఒక ప్రాంతంలో మర్రిచెట్లు చాలా ఉండాలి. ఒకటి పండుతుంటే మరొకటి పిందె వేస్తుండాలి, ఇంకొకటి ఆకు రాలుస్తుండాలి. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట కందిరీగకు తలుపు తెరిచి ఉండాలి. చెట్ల సంఖ్య తగ్గేకొద్దీ ఆ తలుపులు మూసుకుపోతాయి. మిగిలిన చెట్లు పచ్చగానే ఉంటాయి, ఫోటోలకు బాగానే ఉంటాయి, కాని వాటి కాయల్లో విత్తనాలుండవు.

ఈ ఏర్పాటు వల్ల లాభపడేది కందిరీగ ఒక్కటే కాదు. అడవిలో మిగతా చెట్లు చాలావరకు ఒక ఋతువులోనే పండుతాయి. మిగిలిన కాలంలో పక్షులకు కరువు. అటువంటి కరువులో ఆదుకునేవి మర్రి, రావి, మేడి, జువ్వి. గోరింకలు, చిలుకలు, కోయిలలు, పచ్చపావురాలు, కంసాలిపిట్టలు, రాత్రిపూట గబ్బిలాలు, ఉడుతలు అన్నీ దీని అతిథులే. పాత మర్రి తొర్రల్లో గుడ్లగూబలు కాపురముంటాయి. గుడ్లగూబలు చుట్టుపక్కల పొలాల్లో ఎలుకలను పట్టి తింటాయి. ఆ లెక్క రైతు ఖాతాలోకి వస్తుంది. పక్షులు తిని విసర్జించిన విత్తనాలు తాటిచెట్టు మట్టల సందులోనో, పాత గోడ పగులులోనో మొలుస్తాయి. తాటిచెట్టును కౌగిలించుకున్న మర్రిని మన పల్లెల్లో మీరు చూసే ఉంటారు.

‘మర్రిచెట్టు కింద మరో మొక్క ఎదగదు’ అని సామెత. వెలుతురు అందదు కాబట్టి మొక్కల విషయంలో అది కొంతవరకు నిజమే. చెట్టుపైన సంగతి అది కాదని ఇప్పుడు మీకు తెలిసింది.

పౌరులు చేసిన పని

చేవెళ్ళ మర్రిచెట్ల కోసం కూడుకున్నవాళ్ళు మొదట చేసిన పని ఏమిటో తెలుసా? లెక్కపెట్టడం! దారి పొడవునా తిరిగి, ఒక్కొక్క చెట్టు ఉన్న చోటును ఉపగ్రహాల సాయంతో గుర్తించి, పటం మీద ఎక్కించారు. మొత్తం తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు తేలాయి. ఈ పనికి సెల్‌ఫోను చాలు. దాంట్లోని ఒక పరికరం ఉపగ్రహాల సంకేతాలను అందుకుని మనం నిలుచున్నచోటి అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది.

నా ఉద్దేశంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన పని. ‘ఈ దారిలో చాలా చెట్లున్నాయి, కొట్టకండి’ అంటే అది కోరిక. ‘ఫలానా కిలోమీటరు దగ్గర ఎడమ వైపు ఇంత చుట్టుకొలత గల మర్రి ఉన్నది, మీ పటంలో కొత్త రోడ్డు గీత దీనిమీదుగా పోతున్నది’ అంటే అది సాక్ష్యం. కోరికను తోసిపుచ్చడం సులభం, సాక్ష్యానికి జవాబు చెప్పాలి.

పౌరులు అడిగింది రోడ్డు వద్దని కాదు. ఇది గమనించండి, ఎందుకంటే ఈ ఒక్క మాటను చాలామంది మరిచిపోయి మాట్లాడారు. రోడ్డు గీతను చెట్లున్నచోట పక్కకు జరపమన్నారు. ఒక కాగితం తీసుకుని బొమ్మ వేసి చూడండి. మధ్యన పాత రోడ్డు, దానికి రెండు పక్కలా రెండు చెట్ల వరుసలు. కొత్తగా కావలసిన రెండు వరుసల రోడ్డును ఒక చెట్ల వరుసకు అవతల వేస్తే ఏమవుతుంది? పాత రోడ్డు వెళ్ళే బండ్లకు, కొత్త రోడ్డు వచ్చే బండ్లకు సరిపోతుంది. మధ్యలో పడిన చెట్ల వరుస విభాజకమవుతుంది. ఎదురెదురు బండ్లు ఢీకొనే అవకాశం కూడా తగ్గుతుంది. అయితే దీనికి ఎక్కువ భూమి కొనాలి. ఆ భూమి రైతులది, వాళ్ళకు న్యాయమైన ధర ఇవ్వాలి. కొమ్మలు లారీలకు తగలకుండా చూడాలి, బోదెలకు రాత్రి మెరిసే పట్టీలు కట్టాలి. ఖర్చులేని ఉపాయమేమీ కాదు.

చట్టం వైపు నుండి కూడా ఒక చిక్కున్నది. జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు పర్యావరణం మీద దాని ప్రభావాన్ని ముందే అధ్యయనం చేయాలన్న నియమం 100 కిలోమీటర్లకు మించిన పనులకు వర్తిస్తుంది. ఈ దారి 46 కిలోమీటర్లే! పొడవు తక్కువైతే చెట్లు చెట్లు కాకుండా పోతాయా అని పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. పర్యావరణ వివాదాల కోసం 2010 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన న్యాయస్థానం అది. దక్షిణాది వ్యవహారాలు చూసే దాని శాఖ చెన్నైలో ఉన్నది. విచారణ సాగినంతకాలం చెట్లు నిలిచాయి. చివరకు 2025లో ఒక ఒప్పందం కుదిరింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటనే ఉంచేటట్టు రోడ్డు పటాన్ని మార్చడం, తప్పనిసరి అయినవాటిని మాత్రం పెకలించి మరోచోట నాటడం అందులోని ముఖ్యాంశాలు.

పందొమ్మిది మంది

ఒప్పందం కుదిరిన తరువాత, రోడ్డు పని ఇంకా పూర్తికాక ముందే, 2025 నవంబరు 3న ఉదయం చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, తాండూరు నుండి వస్తున్న ఆర్.టి.సి. బస్సు ఢీకొన్నాయి. 19 మంది చనిపోయారు. చదువుకోవడానికి వెళుతున్న పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు.

ఆ తరువాత చాలామంది చాలా కోపంగా మాట్లాడారు. చెట్ల కోసం కోర్టుకు వెళ్ళినవాళ్ళ వల్లనే రోడ్డు ఆగిపోయిందని కొందరు అన్నారు. వేగం, అధిక బరువు, రోడ్డు గుంటలు, మధ్య విభాజకం లేకపోవడం అసలు కారణాలని, వాటిని సరిచేయడానికి ఏ చెట్టూ అడ్డురాలేదని మరికొందరు అన్నారు. ఈ పాఠంలో ఈ సంగతిని దాటవేస్తే నేను మీకు సగం నిజమే చెప్పినట్టు. ఆ దారిన రోజూ బడికి, పనికి వెళ్ళేవాళ్ళకు నాలుగు వరుసల రోడ్డు విలాసం కాదు. పటాన్ని చెట్లకు అనుగుణంగా మార్చవచ్చునన్న విషయం మొదటి రోజే బల్లమీదికి వచ్చి ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదని నాకు తోస్తుంది. చెట్టా మనిషా అన్న ప్రశ్న ఆలస్యంగా వేసిన పటంలోంచి పుట్టింది. మీలో ఎవరైనా రేపు ఇంజనీరు అయితే, గీత గీయకముందే దారి వెంట ఒకసారి నడవండి.

ఒకటికి పది నాటితే సరిపోదా?

ఈ మాట తరచు వింటుంటాం. లెక్క చేసి చూద్దాం. ఒక పెద్ద మర్రి కొమ్మలు బోదె నుండి అన్ని వైపులా 10 మీటర్లు వ్యాపించాయనుకోండి. వృత్త వైశాల్యం సూత్రం మీకు వచ్చు. దాని నీడ 314 చదరపు మీటర్లు. కొత్తగా నాటిన మొక్క కొమ్మలు అర మీటరు దూరం వ్యాపించాయనుకోండి. దాని నీడ ఒక చదరపు మీటరుకు కూడా తక్కువ, 0.785. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 400 వస్తుంది. అంటే ఒక్క చెట్టు నీడకు బదులు ఈ రోజు 400 మొక్కలు కావాలి, పది కాదు. అవన్నీ బ్రతకాలి కూడా.

నీడ సంగతి సరే, చల్లదనం ఎక్కడినుండి వస్తుంది? గొడుగు నీడకన్నా చెట్టు నీడ చల్లగా ఎందుకుంటుంది? చెట్టు వేళ్ళతో పీల్చిన నీటిలో చాలాభాగాన్ని ఆకుల పత్రరంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటాం. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. మన వాతావరణపు ఉష్ణోగ్రతల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి పడుతుంది. లెక్క కోసం మన చెట్టు రోజుకు 100 లీటర్ల నీరు వదిలిందనుకుందాం. అంటే లక్ష గ్రాములు. దానికి పట్టే వేడి 5 కోట్ల 80 లక్షల కెలోరీలు. కరెంటు భాషలో చెప్పాలంటే దాదాపు 67 యూనిట్లు. ఒక కిలోవాటు హీటరు మూడు రోజులకు దగ్గరగా, రాత్రింబగళ్ళు వెలిగితే పుట్టే వేడిని ఆ చెట్టు ఒక్క పగటిలో చుట్టూ ఉన్న గాలినుండి లాగేసుకున్నదన్నమాట. మీటరు తిరగదు, బిల్లు రాదు!

మరి చెట్టును పెకలించి వేరేచోట నాటితే? చేయవచ్చు. మర్రి, రావి జాతులు మిగతావాటికన్నా ఈ కష్టాన్ని బాగా ఓర్చుకుంటాయి. మర్రి కొమ్మ నరికి పాతినా వేళ్ళు వేసే గుణం గలది. అయితే ఇక్కడా ఒక లెక్క ఉన్నది. వేళ్ళు కనీసం కొమ్మలంత దూరం, అంటే 10 మీటర్లు వ్యాపించి ఉన్నాయనుకుందాం. క్రేనుతో లేపగలిగిన మట్టిగడ్డ బోదె చుట్టూ 2 మీటర్లు ఉంటుందనుకుందాం. అప్పుడు వేళ్ళు పరుచుకున్న వైశాల్యంలో చెట్టుతోపాటు వెళ్ళేది 25వ వంతే. నీటిని పీల్చే సన్నని వేళ్ళు ఎక్కువగా అంచుల్లోనే ఉంటాయి, అవి తెగిపోయి వెనుకనే ఉండిపోతాయి. అన్ని ఆకులకు అంత నీరు అందించలేదు కాబట్టి కొమ్మలను ముందే నరికేస్తారు. కొత్తచోట మోడు నిలబడుతుంది. చాలాకాలం నీళ్ళు పోసి చూసుకుంటే చిగురిస్తుంది. నరికేయడం కన్నా ఇది నిశ్చయంగా మేలు. కాని పాత పందిరి, తొర్రలు, పండ్లు తిరిగి రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. ‘చెట్టును తరలించాం’ అని ఎవరైనా చెబితే, రెండేళ్ళ తరువాత వెళ్ళి చూసిరావడం మంచిది.

నాటడం కూడా మామూలు పని కాదని చెప్పడానికి ఒక్క పేరు చాలు. కర్ణాటకలో మాగడి ప్రాంతంలోని హులికల్ గ్రామానికి చెందిన తిమ్మక్క ఏనాడూ బడికి వెళ్ళలేదు. పిల్లలు లేని ఆమె, భర్త చిక్కయ్యతో కలిసి హులికల్ నుండి కూదూరు వెళ్ళే దారి వెంట మర్రి మొక్కలు నాటింది. మొదటి ఏడు 10, తరువాతి ఏడు 15, ఆ పై ఏడు 20. కడవలతో నీళ్ళు మోసి పోశారు, పశువులు మేయకుండా ముళ్ళకంచె కట్టారు. సుమారు నాలుగున్నర కిలోమీటర్ల పొడవున 385 చెట్లయ్యాయి. కన్నడంలో ‘సాలుమరద’ అంటే చెట్ల వరుస. అదే ఆమె ఇంటిపేరు అయిపోయింది. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది, రోడ్డు విస్తరణలో ఆ చెట్లు పోతాయని తెలిసి, వందేళ్ళు దాటిన ఆ ముసలమ్మ ముఖ్యమంత్రికి చెప్పుకోవలసి వచ్చింది. 2025 నవంబరు 14న తిమ్మక్క కన్నుమూసింది.

ఖాళీ స్థలం ఖాళీగా ఉన్నదా?

చెట్ల వరుసకైతే కనీసం కనిపించే రూపమున్నది. గడ్డి, పొదలు, బండరాళ్ళు ఉన్న చోటును కాపాడమంటే ‘అక్కడేమున్నది?’ అంటారు. తెలంగాణలో ఇటువంటి భూమిని కంచ అంటారు. పశువుల మేతకు వదిలిన గడ్డిభూమి అని అర్థం. హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి అన్న చోటు పేరులోనే ఆ మాట ఉన్నది.

అక్కడి 400 ఎకరాలను కంపెనీల కార్యాలయాల కోసం చదును చేయడానికి 2025 మార్చి 30న బుల్‌డోజర్లు దిగాయి. ఇది ప్రభుత్వ భూమి, రికార్డుల్లో అడవి కాదు అన్నది ప్రభుత్వ వాదన. జింకలు, నెమళ్ళు, నక్షత్రపు తాబేళ్ళు ఉన్న చోటు అడవి కాక మరేమిటి అన్నది విద్యార్థుల, పౌరుల ప్రశ్న. విశ్వవిద్యాలయం ఆవరణలో రెండు వందలకు పైగా పక్షి జాతులను చాలాకాలంగా చూసి రాసిపెట్టుకున్నవాళ్ళున్నారు. మరెక్కడా వర్ణించని ఒక సాలీడును 2010లో అక్కడినుండే శాస్త్రవేత్తలు లోకానికి పరిచయం చేశారు. దాని పేరు మురీషియా హైదరాబాదెన్సిస్. నగరం పేరు పెట్టుకున్న సాలీడు! ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలుగజేసుకుని పని ఆపించింది. ఆ కొద్దిరోజుల్లోనే సుమారు 100 ఎకరాలలో చెట్టూ పొదా పోయాయి. వాటిని మళ్ళీ ఎలా పెంచుతారో చెప్పమని ఏప్రిల్ 16న కోర్టు ప్రభుత్వాన్ని అడిగింది.

‘అడవి అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12నే ఒక జవాబిచ్చింది. గోదావర్మన్ కేసు అంటారు దాన్ని. భూమి ఎవరిదైనా, రికార్డులో ఏమి రాసి ఉన్నా, నిఘంటువులోని అర్థం ప్రకారం అడవి అనదగినది అడవే అని ఆ తీర్పు సారాంశం. చూశారా, నిఘంటువు కూడా ఒక్కోసారి చెట్లను కాపాడుతుంది.

కంచ చేసే మరో పని కంటికి కనిపించదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 400 ఎకరాల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 1 కోటి 62 లక్షల లీటర్లు. గడ్డి ఉన్న నేల దాంట్లో కొంత తాగుతుంది, కొంత కుంటలకు మెల్లగా పంపుతుంది. సిమెంటు నేల ఏమీ తాగదు, అంతటినీ ఒకేసారి పల్లానికి తోసేస్తుంది. నగరంలో గంట వానకే రోడ్లు ఏరులవుతున్నాయంటే, పైన ఎన్ని కంచలు నేలను కప్పుకున్నాయో లెక్కవేయండి.

మీ ఊరి పటం మీరే వేయండి

చెట్లను, నీటిని, వన్యప్రాణులను కాపాడటం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చారు దీన్ని. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. మన పెద్దలు దీన్ని వాల్టా చట్టం అంటారు. ఈ రెండింటినీ సాంఘిక శాస్త్రం మాస్టారిని అడిగి వివరంగా తెలుసుకోండి. మన వంతు పని కొలవడం.

నలుగురైదుగురు ఒక జట్టుగా చేరండి. మీ ఊరి దారినో, చెరువుకట్టనో, బడి చుట్టుపక్కలనో ఎంచుకోండి. దర్జీ టేపు, లేదా తాడు, స్కేలు చాలు. నేలనుండి సుమారు 1 మీటరు 30 సెంటీమీటర్ల ఎత్తున బోదె చుట్టూ తాడు చుట్టి చుట్టుకొలత రాసుకోండి. మర్రికి ఊడలు బోదెతో కలిసిపోయి ఉంటే ‘ఊడలతో కలిపి’ అని రాయండి. చుట్టుకొలతను 7తో గుణించి 22తో భాగిస్తే వ్యాసం వస్తుంది. ఉదాహరణకు 4.4 మీటర్ల చుట్టుకొలత అయితే వ్యాసం 1.4 మీటర్లు. మిట్టమధ్యాహ్నం నీడ అంచు ఎంతదూరం ఉన్నదో నాలుగు దిక్కులా కొలిచి సగటు కట్టండి. రోడ్డు పక్కన కొలిచేటప్పుడు ఒకరు బండ్లను కనిపెడుతూ నిలబడాలి. ఒంటరిగా ఎవరూ వెళ్ళవద్దు, తొర్రల్లో చేయి పెట్టవద్దు.

రోడ్డు పక్క మర్రికి ఊడలు ఎందుకు తక్కువో కూడా గమనించండి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును ఊడలు దిగనిచ్చారు కాబట్టి అది దాదాపు అయిదు ఎకరాలు కమ్ముకుని, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. రోడ్డు పక్క చెట్టు ఊడ దించబోతే కింద తారు, లేదా ఎవరి చేతిలోనో కొడవలి.

ఇక ఉష్ణోగ్రత. గది ఉష్ణోగ్రత చూపే మామూలు థర్మామీటరు ఒకటి సైన్సు మాస్టారిని అడగండి. జ్వరం చూసేది పనికిరాదు, పైగా పగులుతుంది. మధ్యాహ్నం 2 గంటలకు చెట్టు కింద, రేకుల షెడ్డు కింద, ఇలా రెండు నీడల్లోనూ నేలకు ఒకే ఎత్తున పదేసి నిమిషాలు ఉంచి రాసుకోండి. రెండూ నీడలే కదా, మరి తేడా ఎందుకు వచ్చింది? పైన చేసిన కెలోరీల లెక్క మళ్ళీ ఒకసారి చూడండి.

మర్రిచెట్టుంటే నెలకొకసారి దాని దగ్గరికి వెళ్ళి మూడే మాటలు రాయండి: పిందెలా, కాయలా, పండ్లా? అదే రోజు ఊళ్ళోని మిగతా మర్రిచెట్లవీ రాయండి. పన్నెండు నెలలు తిరిగేసరికి మీ దగ్గర ఒక పట్టిక తయారవుతుంది. ఏ నెలలోనైనా ఊరంతటిలోనూ లేత పిందెలున్న మర్రి ఒక్కటి కూడా లేదేమో వెతకండి. ఆ నెలలో మీ ఊరి కందిరీగ ఎక్కడికి వెళుతుందో, పక్క ఊరి మర్రి ఎన్ని కిలోమీటర్ల దూరమో పటం మీద కొలిచి చూడండి.